లాంగ్ సోర్డా, రెండు చేతుల కత్తా?

నెట్‌హ్యాక్ అనే కంప్యూటర్ గేమ్‌లో ప్రతి ఆయుధానికీ రెండు డ్యామేజ్ లెక్కలుంటాయి: చిన్న ప్రాణుల మీద ఒకటి, పెద్దవాటి మీద ఇంకొకటి. లాంగ్ సోర్డ్‌కి అవి 1–8, 1–12. రెండు చేతుల కత్తికి చిన్నవాటి మీద 1–12. పెద్దవాటి మీద మాత్రం మూడు ఆరుముఖాల పాచికల మొత్తం.

అసలు తేడా ఆ మూడు పాచికల్లోనే ఉంది. ఒకే పాచిక అయితే 1 పడే అవకాశం, 12 పడే అవకాశం సమానం. మూడు కలిస్తే 3 కన్నా తగ్గదు, ఎక్కువసార్లు 10, 11 చుట్టూనే పడుతుంది. సగటు 10.5, లాంగ్ సోర్డ్‌కి 6.5. డ్రాగన్ ఎదురొచ్చినప్పుడు ఆ నిలకడే ప్రాణం కాపాడుతుంది.

కానీ రెండు చేతుల కత్తి బరువు 150, లాంగ్ సోర్డ్‌ది 40. డాలు పట్టే వీలుండదు. శాపం ఉన్న కత్తయితే చేతులకి అతుక్కుపోతుంది, ఉంగరం తీయడం కూడా కుదరదు!

లాంగ్ సోర్డ్‌కి అంకెల్లో కనిపించని బలం ఒకటుంది. లాఫుల్ (ధర్మపక్షం) పాత్ర 5వ లెవెల్‌కి చేరాక దాన్ని ఫౌంటెన్‌లో ముంచుతూ ఉంటే ఎక్స్‌కాలిబర్ అనే ప్రత్యేకమైన కత్తిగా మారవచ్చు. ఇక తగిలిన ప్రతి దెబ్బకీ 1–10 అదనం. లాఫుల్‌గా ఆడితే నేను వేరే కత్తి వైపు చూడను. మిగతావాళ్లు ముంచితే కత్తికి శాపం తగలొచ్చు. వాళ్లకి, బరువు మోయగలిగితే, రెండు చేతుల కత్తే నయం.