విశాఖ వారసత్వ యాత్ర: నడిచి చూసిన సగం, కిటికీలోంచి చూసిన సగం

తలకు 2,200 రూపాయలు. మధ్యాహ్న భోజనం, ప్రవేశ రుసుములు అందులోనే. ఉదయం ఏడున్నరకు జగదాంబ కూడలిలో ఎక్కించుకుని సాయంత్రం ఆరున్నరకు మళ్లీ అక్కడే దింపుతారు. పాతపట్నం వీధులతో మొదలుపెట్టి ఉక్కు కర్మాగారపు టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం కాలనీ జీవితం దాకా విశాఖను ఒక్క రోజులో చూపిస్తామన్నది నిర్వాహకుల ప్రకటన. హైదరాబాదు నుంచి వచ్చిన మా ఆడపడుచు కుటుంబంతో కలిసి, ఈ ఊళ్లోనే ఉంటున్న మేము కూడా ఆ యాత్రకు వెళ్లాము. పొద్దుటి పూట చూపించిన తీరుకు ఆ సొమ్ము మొత్తం ఇచ్చినా బాధ లేదు గాని, మధ్యాహ్నం తర్వాత జరిగినదాని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

పాతపోస్టాఫీసు దగ్గర బస్సు దింపి, అక్కడి నుంచి రెండున్నర గంటల పాటు నడిపించారు. మాకు దారి చూపిన యువకుడు చరిత్ర చదువుకున్నవాడు. అంతకంటే ముఖ్యంగా ఈ పాతపట్నంలోనే, అంటే వన్‌టౌన్‌లో, పుట్టి పెరిగినవాడు. కురుపాం మార్కెట్ కమాను కింద నిలబెట్టి జమీందారుల దానధర్మాల గురించి ఒక ఉపన్యాసం దంచేస్తాడేమోనని భయపడ్డాను, అలా చేయలేదు. విక్టోరియా రాణి విగ్రహాన్ని, టౌన్‌హాలును క్లుప్తంగా చూపించి, నేరుగా కోటవీధికి తీసుకువెళ్లాడు. ఇప్పుడు కోట ఆనవాళ్లు కంటికి కనిపించవు. అయినా 1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారు ఈ చోటును పట్టుకోవడం, ఆ తర్వాత ఇది తిరిగి ఇంగ్లీషువారి చేతికి రావడం, 1780 అక్టోబరు 3న హైదర్ అలీపై యుద్ధానికి ఓడలో మద్రాసు వెళ్లబోమని ఇక్కడి సిపాయిలు తెల్ల అధికారుల మీద తిరగబడడం, ఇవన్నీ అతడు ఇరుకు సందులో స్కూటర్లకు దారి ఇస్తూనే ఎంతో స్పష్టంగా చెప్పాడు. 1857కు డెబ్బయి ఏడేళ్ల ముందు మన ఊళ్లో సిపాయిల తిరుగుబాటు జరిగిందన్న సంగతి మా ఇంటి పిల్లలకు ఇంతవరకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు.

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర అతడు ప్రవర్తించిన తీరును ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. గర్భగుడికి పైకప్పు లేని ఆ ఆలయంలో ఎవరైనా స్వయంగా అమ్మవారికి అభిషేకం చేసి, పసుపు కుంకుమలు పూసి, పూజ చేసుకోవచ్చు. మేము వెళ్లేసరికి ఒక ముసలావిడ చెంబుతో పసుపు నీళ్లు పోసి, అరచేత్తో విగ్రహం భుజాన్ని పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు మెల్లగా రుద్దుతున్నారు. ఆవిడ పూజ ముగించి పక్కకు జరిగే దాకా గైడు మమ్మల్ని గోడ వారగా నిలబెట్టాడు, తానూ నోరు విప్పలేదు, మా ఆడపడుచు కొడుకు ఫోను పైకెత్తబోతే చేత్తోనే వారించాడు. యాత్రికులను వెంటేసుకుని గుళ్లలో గట్టిగా వ్యాఖ్యానం చెప్పేవారిని చూసి విసిగిపోయిన నాకు ఆ కాసేపటి మౌనం చాలా నచ్చింది. మార్గశిర గురువారాలలో మాత్రం ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కనుక, ఆ రోజుల్లో ఈ యాత్రకు పేరు నమోదు చేసుకోకపోవడమే ఉత్తమం.

ఆ తర్వాత రేవు పక్కనున్న రాస్ హిల్ ఎక్కించారు. ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మరియమాత చర్చి: ఈ మూడూ పక్కపక్కనే ఉన్నాయన్న మాట విశాఖ గురించి రాసే ప్రతివారూ రాస్తారు కనుక దాన్ని ఇక్కడ సాగదీయను. చర్చి ముందు నుంచి చూస్తే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద ఓడలు లోపలికి వచ్చే కాలువ కనిపిస్తాయి. గైడు సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న పాత ఫొటోలు తీసి, ఒక్కొక్కటి ఎదుటి దృశ్యానికి సరిగ్గా ఆనించి చూపించాడు. బ్రిటిషువారి కాలపు మధ్యపరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడానికి తూర్పు తీరంలో ఒక రేవు కావలసి వచ్చింది. దానికోసం రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం వేశారు, బురదనేలను తవ్వి కాలువ తీశారు, అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను కాలువ ముఖద్వారం దగ్గర కావాలనే ముంచేశారు. 1933లో రేవు తెరుచుకుంది. తొమ్మిదేళ్లు తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు దాని మీద బాంబులు వేశాయి. సింధియా కంపెనీ మొదలుపెట్టిన నౌకానిర్మాణ కేంద్రం నుంచి 1948 మార్చిలో జలఉష అనే ఓడను నెహ్రూ నీటిలోకి దింపారు. ఈ వరుసను వింటూ కింద చూస్తుంటే, చిన్న పట్నంగా ఉన్న ఊరు ఎందుకిలా పెరిగిందో పిల్లలకు కూడా అర్థమయింది. మెట్లు ఎక్కలేని పెద్దవారికి కింద కూర్చునే ఏర్పాటు లేకపోవడం ఇక్కడి లోపం.

భోజనం పూర్ణామార్కెట్ వైపు ఒక మెస్‌లో పెట్టించారు. వంజరం వేపుడు బాగుంది, సాంబారు బాగాలేదు.

చిక్కంతా అక్కడి నుంచే మొదలయింది. కార్యక్రమంలో లేని ఒక బొమ్మల దుకాణం దగ్గర బస్సు ఆపి, దాదాపు గంటసేపు నిలబెట్టారు. ఏటికొప్పాక లక్క బొమ్మలంటే నాకూ ఇష్టమే. అంకుడు కర్రను తిప్పుతూ లక్క పట్టించే పని ఒక్క పది నిమిషాలు చూపించినా దాన్ని వారసత్వంలో భాగంగానే ఒప్పుకునేదాన్ని. అక్కడ ఉన్నవి అద్దాల బీరువాలు, బిల్లు కౌంటరు మాత్రమే. గైడు కూడా బయట నిలబడి గడియారం చూసుకుంటూ ఇబ్బంది పడ్డాడు కాబట్టి, ఈ నిర్ణయం అతడిది కాదని అనుకుంటున్నాను.

ఆ పోయిన గంట ఉక్కునగరం వాటాలోంచి పోయింది. గాజువాక రద్దీ దాటి మేము టౌన్‌షిప్ చేరేసరికి ఆలస్యమైపోయింది. బస్సు దిగకుండానే సెక్టార్ల వెంట ఒక చుట్టు తిప్పారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం 1966లో ఉవ్వెత్తున లేవడం, ఉద్యమకారుడు అమృతరావు గారి నిరాహారదీక్ష, పోలీసు కాల్పులు, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన, 1992లో పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం, ఇవన్నీ మైకులో వరుసగా అప్పజెప్పినట్టు వినిపించాయి. పొద్దున్న అదే గైడు గొంతులో ఉన్న ప్రాణం ఇప్పుడు లేదు. కిటికీ బయట వేపచెట్ల నీడలో ఒకే తీరుగా కట్టిన క్వార్టర్లు, వాటి ముందు కరివేపాకు, మునగ చెట్లు, షాపింగ్ కాంప్లెక్సు, డ్యూటీకి వెళ్తున్న స్కూటర్లు వెనక్కి వెళ్లిపోయాయి.

నా అసలు అభ్యంతరం ఇదే. రాజుల గుర్తులను, తెల్లవారి గుర్తులను దగ్గరుండి చూపించి, ఈ ఊరిని ఇవాళ్టి ఊరుగా చేసిన కాలనీ జీవితాన్ని అద్దాల వెనక నుంచి చూపిస్తే ఎలా? షిఫ్టుల లెక్కన భోజనాలు, నిద్రలు, పెళ్లిచూపులు సైతం కుదుర్చుకునే ఇళ్లు, నలుమూలల నుంచి ఉద్యోగాలకు వచ్చి పక్కపక్క వాటాల్లో ఉంటూ ఒకరి పండుగలు ఒకరు నేర్చుకున్న కుటుంబాలు, ఇది కదా టౌన్‌షిప్ సంస్కృతి అంటే. ఒక్క విశ్రాంత ఉద్యోగిని పిలిచి అరగంట మాట్లాడించినా సరిపోయేది.

ఆ లోటును కొంతవరకు తీర్చింది గైడు కాదు, డ్రైవరు. గేటు బయట టీ తాగడానికి ఆపినప్పుడు మా వారు ఏదో మాట కలిపితే, కర్మాగారం కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో తమదీ ఒకటని అతడు చెప్పాడు. “మా తాతది మూడెకరాల భూమండి. ఆర్ కార్డు మీద మా పెదనాన్నకి ఉద్యోగం వచ్చింది, మా నాన్నకి రాలేదు. ఏటి సేస్తాం, ఇదిగో నేను ఈ బండి తోలతన్నాను. మా ఊరి రామాలయం ఎక్కడుండేదో ఈ రోడ్డు మీద ఇప్పటికీ సూపించగలను,” అన్నాడు. భూమి ఇచ్చిన నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగ హామీగా ఇచ్చిన ఆ కార్డుల సంగతి గైడు వ్యాఖ్యానంలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ డ్రైవరు చేతికి అయిదు నిమిషాలు మైకు ఇచ్చి ఉంటే మధ్యాహ్నం యాత్ర తీరే మారిపోయేది.

చివరగా బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన ఈ నౌకలో విశ్రాంత నావికులే దారి చూపిస్తూ వివరిస్తారు కాబట్టి ఎంత తక్కువ సమయమిచ్చినా విసుగు పుట్టదు; టార్పెడోల పక్కనే వేలాడే పడకలను చూసి మా ఆడపడుచు కొడుకు కదలనన్నాడు. సోమవారం మ్యూజియానికి సెలవు కనుక ఆ రోజు యాత్రలో దీని బదులు ఏం చూపిస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

అయిదుగురికి మించిన బృందం ముందుగా కోరితే దుకాణాన్ని మినహాయిస్తామని దిగేటప్పుడు గైడు మెల్లగా చెప్పాడు. వెళ్లదలచినవారు సొమ్ము కట్టేముందే ఆ మాట తీసుకుని, మిగిలిన గంటను ఉక్కునగరంలో దిగి నడవడానికి కేటాయించమని అడగండి. నీళ్ల సీసా, ఎత్తు తక్కువ చెప్పులు తప్పనిసరి. పాతపట్నంలో నడిచినంతసేపూ మరుగుదొడ్డి దొరకదు కాబట్టి జగదాంబలో ఎక్కేముందే ఆ పని చూసుకోవడం మంచిది.