క్రోమ్ డివైస్ మోడ్‌తో ఫోన్ సైట్లు: ఆరేళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

ఆరేళ్లుగా వెబ్‌సైట్లు చేస్తున్నాను. అన్నీ చిన్నవే. అపాయింట్‌మెంట్ బుకింగ్ పేజీలు, దరఖాస్తు ఫారాలు, జనం ఫోన్లో తెరిచి రెండు నిమిషాల్లో పని చూసుకుని మూసేసేవి. ఈ ఆరేళ్లూ రోజూ నా ముందు తెరిచి ఉన్నది క్రోమ్ బ్రౌజర్‌లోని డివైస్ మోడ్. ఎఫ్12 నొక్కి డెవ్‌టూల్స్ (క్రోమ్‌లోనే ఉండే డెవలపర్ పనిముట్లు) తెరిచి, తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ కలిపి నొక్కితే పేజీ ఫోన్ వెడల్పుకి కుదించుకుపోతుంది, మౌస్ బాణం కాస్తా గుండ్రటి చుక్క అవుతుంది. డబ్బు కట్టక్కర్లేదు, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఈ పని కొత్తగా నేర్చుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది దీని గురించే.

వెడల్పు చూసుకోవడానికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకు దొరకలేదు. కాకపోతే వాడే పద్ధతి ఒకటుంది. పైన ఫోన్ల పేర్లతో ఒక జాబితా కనిపిస్తుంది. కొత్తవాళ్లు అందులోంచి రెండు మూడు ఫోన్లు ఎంచుకుని, వాటిలో బాగుంటే పని అయిపోయిందనుకుంటారు. నేనూ మొదట్లో అంతే. ఇప్పుడు ఆ జాబితా జోలికి పోను. ‘రెస్పాన్సివ్’ అనేదాన్ని ఎంచుకుని, వెడల్పు 320 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టి, అంచు పట్టుకుని మెల్లగా కుడివైపు లాగుతాను. ఎక్కడ పేజీ అందవికారంగా మారితే అక్కడే బ్రేక్‌పాయింట్ (లేఅవుట్ మారాల్సిన వెడల్పు) పెడతాను, ఏ ఫోన్ కొలత అన్నది పట్టించుకోను. 320 ఎందుకంటే, నిలువుగా చదివే పేజీ ఆ వెడల్పులో అడ్డంగా జరపకుండా చదవగలిగేలా ఉండాలని, వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా చేయడానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలే చెబుతున్నాయి. 1280 పిక్సెళ్ల తెరని 400 శాతం పెద్దది చేసుకుని చదివేవాళ్లకి మిగిలే వెడల్పు కూడా అదే. అంటే ఈ ఒక్క కొలత చిన్న ఫోన్‌వాళ్లకీ, చూపు తక్కువ ఉన్నవాళ్లకీ కలిపి పనికొస్తుంది.

తెలుగు పేజీలు చేసేవాళ్లు ఇలా లాగి చూడటం అసలు మానకూడదు. ఇంగ్లిష్‌లో రెండక్షరాల ‘ఓకే’ ఉన్న బటన్‌లో మనం ‘నిర్ధారించండి’ అని రాస్తాం. మధ్యలో విరగని మాట కాబట్టి బటన్ దాటి బయటికొస్తుంది, పక్క బటన్‌ని కిందికి నెట్టేస్తుంది. లైన్ హైట్ (ఒక్కో వరసకిచ్చే ఎత్తు) ఇంగ్లిష్‌కి సరిపోయినంతే ఉంచితే కింది వత్తులు తర్వాతి వరస గుడి దీర్ఘాలకి తగులుతాయి. ఇవన్నీ డివైస్ మోడ్‌లో ఉన్నదున్నట్టు కనబడతాయి.

పేజీని ఫోన్ వెడల్పులోనే పరవమని బ్రౌజర్‌కి చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మర్చిపోయినా ఇది పట్టిస్తుంది. 2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు సైట్లన్నీ పెద్ద తెరల కోసం చేసినవే. అందుకని ఫోన్ బ్రౌజర్ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున్నట్టు పరిచి, ఆ మొత్తాన్నీ తెరకి కుదించి చూపించేది. ట్యాగ్ లేకపోతే ఇప్పటికీ దాదాపు అదే జరుగుతుంది. డివైస్ మోడ్‌లో అక్షరాలు చీమల బారులా కనిపిస్తే మీడియా క్వెరీల్లో (తెర వెడల్పుని బట్టి పేజీ రూపం మార్చే నియమాల్లో) తప్పు వెతకకండి, ముందు ఆ ట్యాగ్ ఉందో లేదో చూడండి.

నెట్‌వర్క్ వేగం తగ్గించి చూసే సదుపాయమూ బాగుంది. ప్రాసెసర్ వేగం తగ్గించి చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘నాలుగు రెట్లు నెమ్మది’ అంటే మీ సొంత కంప్యూటర్ కంటే నాలుగు రెట్లు అని. మంచి ల్యాప్‌టాప్‌లో నాలుగో వంతు వేగం కూడా పాత ఫోన్‌కి అందనిది కావచ్చు.

ఇక్కడిదాకా చదివి ఇది చాలనుకుంటే మీరూ నాలాగే దెబ్బ తింటారు. మూడేళ్ల కిందట ఒక క్లినిక్ కోసం అపాయింట్‌మెంట్ ఫారం చేశాను. పేజీ ఎత్తు సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని రాసే భాషలో) 100 వీహెచ్, అంటే తెర మొత్తం ఎత్తు, ఇచ్చి, ‘నిర్ధారించండి’ బటన్‌ని అట్టడుగున పెట్టాను. డివైస్ మోడ్‌లో ఏ కొలతలో చూసినా ముచ్చటగా ఉంది. తీరా పేజీ బయటికి వెళ్లిన రోజు సాయంత్రం, బటనే కనబడటం లేదని కబురొచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఫోన్‌లో అడ్రస్ బార్ ఒకసారి కనిపిస్తుంది, కిందికి జరిపితే దాక్కుంటుంది. 100 వీహెచ్ లెక్క అది దాక్కున్నప్పటి పెద్ద ఎత్తుకి. బార్ కనిపిస్తున్నంతసేపూ నా బటన్ తెర కింద ఉండిపోయింది. డివైస్ మోడ్‌లో జరిగే అడ్రస్ బార్ లేదు కాబట్టి నా కంట పడలేదు. సరిగ్గా దీనికోసమే వచ్చిన డీవీహెచ్ (బార్‌ని బట్టి మారే ఎత్తు), ఎస్‌వీహెచ్ (బార్ కనిపిస్తున్నప్పటి చిన్న ఎత్తు) కొలతలు 2022 చివరికల్లా ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలో చేరాయి. ఇప్పుడు నేను వాటినే వాడుతున్నాను.

కీబోర్డూ అంతే. ఫారంలో పెట్టెని తాకగానే ఫోన్‌లో కీబోర్డ్ లేచి తెరలో పెద్ద ముక్క తినేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ సంగతే తెలియదు. జాబితాలో ఐఫోన్ ఎంచుకున్నా మారేది కొలత, పిక్సెల్ సాంద్రత, బ్రౌజర్ చెప్పుకునే పేరు మాత్రమే. లోపల నడిచేది క్రోమ్ ఇంజనే. ఇన్‌పుట్ పెట్టెలో అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నగా ఉంటే ఐఫోన్ బ్రౌజర్ సఫారీ తాకగానే పేజీని జూమ్ చేసేస్తుంది. ఇక్కడ అది కనిపించే దారే లేదు. డివైస్ మోడ్ తొలి అంచనా మాత్రమేనని దాని సొంత డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నేనే ఆలస్యంగా చదివాను.

అదే ఫారం దిద్దాక మా అత్తగారి ఫోన్‌లో తెరిచి ఇచ్చాను. ఆవిడ బ్రౌజర్‌లో అక్షరాల సైజు బాగా పెంచుకున్నారు. “అమ్మాయ్, నేను నిర్ధారించండి అనే నొక్కాను, ఇది మళ్లీ మొదటికొచ్చిందేంటి?” అన్నారు. చూస్తే ఆవిడ బొటనవేలు పక్కనున్న ‘రద్దు’ మీద పడింది. ఆ బటన్ల ఎత్తు 28 పిక్సెళ్లు, మధ్య ఖాళీ నాలుగు. డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం కనీసం 24 ఉంటే చాలు, అంటే కాగితం మీద నేను పాసే. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48, ఆపిల్‌వి 44 ఉండాలంటాయి. ఆ అంకెలు ఎందుకు అంత పెద్దవో ఆవిడ వేలు చూశాకే అర్థమైంది. డివైస్ మోడ్‌లో నేను ఒక్కసారి కూడా పొరపాటున ‘రద్దు’ నొక్కలేదు. చుక్క గుండ్రంగా ఉన్నా, దాన్ని నడిపేది మౌస్ పట్టిన చెయ్యే. రెండు బటన్లనీ 48 చేసి ఒకదాని కింద ఒకటి పెట్టాను. అత్తగారు మళ్లీ నొక్కి చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

అందుకే ఈ డెవ్‌టూల్స్‌లో నేను ఎక్కువగా మెచ్చుకునే భాగం వేరే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీ (chrome://inspect) తెరవండి. ఫోన్‌లో ఉన్న నిజమైన పేజీ మీ డెవ్‌టూల్స్‌కి దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో ప్యాడింగ్ (బటన్ లాంటివాటి లోపలి ఖాళీ) మారిస్తే చేతిలోని ఫోన్‌లో అప్పుడే మారుతుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ (ల్యాప్‌టాప్‌లో నడిచే సైట్‌ని ఫోన్‌కి అందించే సదుపాయం) పెట్టుకుంటే ఇంకా బయటికి ఎక్కించని పేజీని కూడా ఫోన్‌లో చూడొచ్చు. మొదటిసారి కలపడానికి పావుగంట తంటాలు పడ్డాను, ఫోన్‌లో అనుమతి అడిగే పెట్టెని గమనించక. తర్వాత ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

వెడల్పు, లేఅవుట్ పనికి డివైస్ మోడ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. ఫోన్‌కి బదులుగా వాడతామంటే రెండు. ఫారం, కిందికి అంటుకుని ఉండే బటన్, తెరంతా పరుచుకునే మెనూ, ఈ మూడింట్లో ఏదున్నా కేబుల్ పెట్టకుండా నేను పేజీ అప్పజెప్పడం లేదు. సఫారీ కోసం మాత్రం ఎవరిదైనా ఐఫోన్ కాసేపు అడిగి తీసుకోవాల్సిందే.