అండర్‌కోట్ రేక్: మూడు ఎండాకాలాలు వాడాక

మా బ్రూనో జర్మన్ షెపర్డ్, పొడుగు బొచ్చు రకం. ఉండేది బెజవాడలో. పై వెంట్రుకల కింద ఉండే నూగును లాగేసే ఈ దువ్వెన సంగతి ఇంకో ఏడాది ముందు తెలిసుంటే వాడికి గుండు చేయించేవాళ్లమే కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ ఏడు రోహిణి కార్తెలో వాడి అవస్థ చూడలేక ఒక షాపులో బొచ్చంతా మిషన్‌తో తీయించాం. రొప్పడం ఏమాత్రం తగ్గలేదు. కుక్క ఒంట్లో వేడి బయటికి పోయేదే ఎక్కువగా రొప్పడంతో. పైనున్న గట్టి వెంట్రుకలు ఎండను చర్మం దాకా రానివ్వవు. పశువుల డాక్టరు గారు చెబితే గానీ ఇది మాకు తెలియలేదు. నడుము మీద, తోక మొదట్లో వెంట్రుక సరిగ్గా రావడానికి ఏడాది దాటింది.

మరుసటి మార్చిలో రేక్ కొన్నాం. తొడల మీద బొచ్చు అప్పటికి బాగానే వచ్చింది. పొద్దున్నే వరండాలో నిలబెట్టి అక్కడే మొదలుపెట్టాను. పై వెంట్రుకలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటి కింద నుంచి బూడిదరంగు నూగు, చిరిగిన దిండులోంచి దూది లాగినట్టు, కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. అరగంటలో చిన్న బకెట్ నిండింది. అంతకుముందు వేలు దూరని చోట పాయ తీస్తే చర్మం కనబడింది! అప్పటిదాకా బాత్‌రూమ్ గచ్చు వదలనివాడు ఆ మధ్యాహ్నం హాల్లో ఫ్యాన్ కింద వెల్లకిలా పడుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇదొక్కటుంటే చాలని అప్పట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. చెవుల వెనక సన్న బొచ్చుకు మామూలు స్టీలు దువ్వెనే మేలు. కిందటేడు తుంటి దగ్గర ఉండకట్టిన చోట పదేపదే లాగి కందిపోయేలా చేశాను. వారం రోజులు వాడు అక్కడ చెయ్యి వేయనివ్వలేదు. అప్పటి నుంచి ఉండలను ముందు వేళ్లతో విడదీస్తాను. స్నానం చేయించాక అడుగు దాకా ఆరితేనే రేక్ పట్టుకుంటాను. లోపల తడి నిలిస్తే పుండ్లు పడతాయి.

రేక్ కొన్నాక వాడి రొప్పడం తగ్గింది గానీ, అదంతా దీనివల్లే అనను. ఆ ఏడే కూలర్ కొన్నాం, నడక పొద్దున 5 గంటలకు మార్చాం. షిట్జూ లాంటి, వెంట్రుక పెరుగుతూనే ఉండే జాతులకు కత్తిరింపు వేరే లెక్క. మా వాడిలా లోపల నూగు ఉన్న కుక్కయితే, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు కూర్చోగలిగితే, ధైర్యంగా కొనుక్కోండి. మా రేక్‌కి ఒక పన్ను వంగింది. అయినా ఈ మార్చిలో దాన్ని బయటికి తీయగానే బ్రూనో తనే వచ్చి నా మోకాలికి ఆనుకుని నిలబడ్డాడు.