పది ప్రశ్నల ఏస్ స్కోరు: ప్రశ్నలు బంగారం, మొత్తంతోనే జాగ్రత్త

చిన్నప్పుడు ఇంట్లో పడ్డ బాధలకూ, పెద్దయ్యాక వచ్చే డిప్రెషన్, యాంగ్జయిటీ, వ్యసనాలకూ ఉన్న ముడిని చూడటానికి అందరికీ తేలిగ్గా దొరికే సాధనం ఏస్ (అడ్వర్స్ చైల్డ్‌హుడ్ ఎక్స్‌పీరియెన్సెస్, అంటే బాల్యపు చేదు అనుభవాలు) ప్రశ్నావళి. పది ప్రశ్నలు. 18 ఏళ్లు నిండకముందు ఇలా జరిగిందా అంటే అవును, లేదు. అవునంటే ఒక పాయింటు. ఉచితం, ఐదు నిమిషాల పని. మా తీర్పు ముందే చెప్పేస్తాం: ప్రశ్నలు చాలా బాగా రాశారు. చివర్లో తేలే అంకెను మాత్రం ఒక మనిషి జాతకంలా చదవకూడదు.

ఎందుకో తెలియాలంటే ఇది దేనికోసం పుట్టిందో చూడాలి. అమెరికాలోని శాన్ డియాగోలో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థ వారి ఆరోగ్య పరీక్షలకు 1995-97 మధ్య వచ్చిన 17,000 మందికి పైగా పెద్దవాళ్లను డాక్టర్లు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం బాల్యం గురించి అడిగింది. 1998లో వచ్చిన మొదటి పత్రంలో ఏడు రకాల అనుభవాలే ఉన్నాయి. మానసిక నిర్లక్ష్యం, శారీరక నిర్లక్ష్యం, తల్లిదండ్రులు విడిపోవడం తర్వాత చేరి పది అయ్యాయి. ఆ మొదటి పత్రంలోనే, నాలుగు రకాలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అనుభవించినవాళ్లలో మద్యం వ్యసనం, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు, అసలేమీ లేనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు కనిపించింది. అంటే ఇది వేలమందిని ఒక్కచోట చేర్చి చూడటానికి చేసిన కొలత. ఆ పనికి దీనికి పూర్తి మార్కులు వేస్తాం.

ఇక ప్రశ్నల సంగతి. వీటి గొప్పతనం ఏమిటంటే ముద్రలు వేయవు, జరిగినదాన్ని అడుగుతాయి. "నిన్ను హింసించారా?" అంటే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది పెంపకం. రెండో ప్రశ్న అలా అడగదు. ఇంట్లో పెద్దవాళ్లు తరచుగా నెట్టడం, చెంపదెబ్బ కొట్టడం, వస్తువులు విసరడం చేసేవాళ్లా అంటుంది. వెంటనే, ఒక్కసారైనా వాతలు తేలేలా, గాయమయ్యేలా కొట్టారా అంటుంది. ఈ రెండు సగాలకీ కొలబద్ద వేరు: మొదటిదానికి "తరచుగా" అయి ఉండాలి, రెండోదానికి ఒక్కసారి చాలు. నింపేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "తరచుగా" అన్న మాట చూసి లేదని టిక్ పెట్టి, కిందిది చదవకుండానే వెళ్లిపోతారు.

నాలుగో ప్రశ్న ఇంకా లోతైనది. ఇంట్లో ఎవరూ మిమ్మల్ని ప్రేమించడం లేదని, మీరు వాళ్లకు ముఖ్యం కాదని తరచుగా అనిపించేదా అని అడుగుతుంది. ఇది జరిగిన సంఘటన గురించి కాదు, జరగనిదాని గురించి. కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టారు, చదివించారు. కానీ ఏడిస్తే దగ్గరికి తీసుకున్నవాళ్లు లేరు. ఇలాంటి బాల్యం గడిపినవాళ్లు "నాకేం కష్టాలు లేవు" అనుకుంటూనే ఏళ్లపాటు డిప్రెషన్‌తో ఉండటం అరుదేమీ కాదు. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ కాగితం తీసి చదవొచ్చు.

లోపాల్లో పెద్దది లెక్కింపే. ఒకరి తల్లిదండ్రులు గొడవలేమీ లేకుండా విడిపోయి, ఇద్దరూ బిడ్డను బాగా చూసుకున్నారు: స్కోరు 1. ఇంకొకరి మీద ఆరేళ్ల వయసు నుంచి ఏళ్ల తరబడి లైంగిక దాడి జరిగింది: స్కోరు 1. ఎంతకాలం, ఏ వయసులో, చేసింది ఎవరు, చెప్పుకుంటే నమ్మినవాళ్లున్నారా అన్నవి ఈ కాగితం అడగదు. మనసు మీద పడే భారాన్ని ఎక్కువగా నిర్ణయించేవి మాత్రం అవే.

అడగనివి ఇంకా ఉన్నాయి. బడిలో తోటిపిల్లల వేధింపు లేదు. పేదరికం, యుద్ధం, వీధిలో హింస, వివక్ష లేవు. ఇంట్లో కొట్లాట గురించిన ప్రశ్నలో దెబ్బలు తిన్నది తల్లి లేదా సవతి తల్లి అయితేనే లెక్క. ఈ ఖాళీల్లో కొన్నింటిని పూడ్చడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏస్-ఐక్యూ అనే పెద్ద రూపం తయారు చేసింది. అందులో తోటిపిల్లల వేధింపు, చుట్టుపక్కల హింస, యుద్ధం లాంటి సామూహిక హింస, తల్లి లేదా తండ్రి మరణం కూడా వస్తాయి, ఎంత తరచుగా అన్నది కూడా నమోదవుతుంది. పది ప్రశ్నల కాగితంలో మీ బాల్యం కనబడకపోతే తప్పు మీది కాదు, కాగితానిది.

జ్ఞాపకం విషయం కూడా చెప్పాలి. పిల్లలను చిన్నప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనాలను, పెద్దయ్యాక వాళ్లే చెప్పినదానితో పోల్చి 2019లో ఒక సమీక్ష వచ్చింది. చిన్నప్పుడు హింస లేదా నిర్లక్ష్యం నమోదైనవాళ్లలో 52 శాతం మంది పెద్దయ్యాక దాని మాట చెప్పలేదు. పెద్దయ్యాక చెప్పినవాళ్లలో 56 శాతం మందికి చిన్ననాటి నమోదు లేదు. వాళ్లు అబద్ధమాడారని దీని అర్థం కానే కాదు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది బయటివాళ్ల రికార్డుల్లోకి ఎక్కేది తక్కువ. రెండు పద్ధతులూ చాలావరకు వేర్వేరు మనుషులను పట్టుకుంటున్నాయి, అంతే.

అందుకే ఒక మనిషికి రేపు జబ్బు వస్తుందా రాదా అని ఈ స్కోరు చెప్పలేదు. ఈ అధ్యయనాన్ని నడిపినవాళ్లలో ఒకరైన ఆండాయే 2020లో సహరచయితలతో కలిసి, వ్యక్తుల స్క్రీనింగ్‌కు, చికిత్స నిర్ణయాలకు ఈ స్కోరు వాడటం తగదని రాశారు. స్కోరు 6 వచ్చి నిలకడగా బతుకుతున్నవాళ్లున్నారు, 0 వచ్చి తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లూ ఉన్నారు. అలాగని బాల్యం ప్రభావం చిన్నదని కాదు. 21 దేశాల్లో జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేల లెక్క ప్రకారం మొత్తం మానసిక రుగ్మతల్లో 29.8 శాతం బాల్యపు కష్టాలతో ముడిపడి ఉన్నాయి. జనం మొత్తానికి నిజమైన లెక్క ఒక్కో మనిషికి జోస్యం అయిపోదు.

ఈ కాగితం చూపించలేనిది మరొకటి: గతం ఇప్పుడు ఒంట్లో ఎలా పనిచేస్తోందో. తలుపు వేసిన చప్పుడును బట్టే ఆ రాత్రి ఇల్లు ఎలా ఉండబోతోందో పసిగట్టడం నేర్చుకున్న పిల్లకు ఆ నేర్పు అప్పట్లో రక్షణ. ముప్పును కనిపెట్టే మెదడు వ్యవస్థ, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను నడిపే వ్యవస్థ ఆ ఇంటికి తగ్గట్టు తయారవుతాయి. ముప్పై ఏళ్ల వయసులో ఆఫీసులో ఎవరో ఫైలు గట్టిగా బల్ల మీద పెడితే గుండె దడదడలాడటం, రాత్రి నిద్ర పట్టకపోవడం అదే నేర్పు. దీన్ని కొలవడానికి వేరే ప్రశ్నలు కావాలి. గత రెండు వారాల డిప్రెషన్ లక్షణాలకు పీహెచ్‌క్యూ-9 ఉంది: తొమ్మిది ప్రశ్నలు, గరిష్ఠ స్కోరు 27, సాధారణంగా 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ను కలవాలి. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి "అసలు లేదు" కాకుండా ఇంకేం వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి.

ఏస్ ప్రశ్నావళి నింపాలనుకుంటే పడుకోబోయే ముందు వద్దు. పగటిపూట, ఒంటరిగా, ఆ తర్వాత ఒక గంటైనా ఖాళీ ఉండేలా చూసుకోండి. కుటుంబమంతా వాడే ఫోనులో వద్దు, కాగితం మంచిది. మూడో ప్రశ్న లైంగిక దాడి గురించి సూటిగా అడుగుతుంది, ముందే తెలిసి ఉంటే ఉలిక్కిపడరు. కావాలంటే వదిలేయండి. రెండు సగాలున్న ప్రశ్నల్లో ఒక్కో సగాన్నీ విడిగా చదవండి. అవును పెట్టిన చోట పక్కనే సుమారు వయసు, ఎంతకాలం అన్నది రాసుకోండి. సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాల్సింది ఆ రాతలే, కింద వేసిన మొత్తం కాదు. బాగా దిగులుగా ఉన్న వారంలో నింపితే చేదు జ్ఞాపకాలే ముందు తోసుకొస్తాయి కాబట్టి తేదీ కూడా వేయండి.

తీవ్రత కూడా తెలియాలంటే సీటీక్యూ (చైల్డ్‌హుడ్ ట్రామా క్వశ్చనేర్ అనే మరో ప్రశ్నావళి) మెరుగు. 28 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, ఐదు విభాగాలకు విడివిడి స్కోర్లు. కొన్ని ప్రశ్నలు మంచి అనుభవాల గురించి ఉంటాయి, వాటిని తిరగేసి లెక్కపెట్టాలి. అది మరిచిపోతే నిర్లక్ష్యం స్కోరు తారుమారవుతుంది. నిపుణుల చేతిలోనే ఉండాల్సిన సాధనం.

మంచివైపు లెక్క కూడా చూడండి. అండగా నిలిచిన పెద్దలు, స్నేహితులు, ఇంట్లో మనసు విప్పి మాట్లాడగలగడం లాంటి ఏడు అంశాలతో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెద్దవాళ్లను అడిగిన అధ్యయనం 2019లో వచ్చింది. ఆరేడు అంశాలు ఉన్నవాళ్లలో, రెండు లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే డిప్రెషన్ లేదా మానసిక ఆరోగ్యం బాగాలేకపోవడం ఆడ్స్ (సమస్య ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య నిష్పత్తి) లెక్కన 72 శాతం తక్కువ. ఏస్ స్కోరును లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ సంబంధం నిలిచింది.

కౌన్సెలర్లకు ఒక మాట. వెయిటింగ్ రూములో తోడొచ్చినవాళ్ల పక్కన కూర్చోబెట్టి ఈ కాగితం ఇవ్వకండి. ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చదువుతారో, చట్టప్రకారం మీరు బయటకు చెప్పి తీరాల్సినవి ఏవో ముందే చెప్పండి. ఏ ప్రశ్నకు అవునో చూపించకుండా మొత్తం మాత్రం రాసిచ్చే రూపం కూడా వాడుకలో ఉంది. చెప్పుకోలేనివాళ్లకు అది ఊరట, కానీ పనికొచ్చే సమాచారమంతా దాంట్లో దాగిపోతుంది. ఆ రూపం వాడితే అంకె కింద రెండు ఖాళీ గీతలు వదిలి, పైన ఇలా అడగండి: "వీటిలో ఇప్పటికీ మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఏదైనా ఉందా? దాని గురించి ఎప్పుడు మాట్లాడుకుంటే మీకు బాగుంటుంది?"