గుత్తి వంకాయకి నాలుగు, బోర్డుకి ఒకటి

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు దగ్గర, మా అమ్మాయి వాళ్లు తరచూ వెళ్లే ఆంధ్రా హోటల్ ఇది. పేరు రాయను, ఎందుకంటే నా గొడవ తిండితో కాదు, బోర్డుతో. తెనాలిలో ముప్ఫై ఏళ్లు బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఏ హోటల్‌కి వెళ్లినా ముందు కళ్లు అటే పోతాయి.

ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలకి హిందీ వేషం వేశారు. ప్రతి అక్షరం నెత్తిన ఒక అడ్డగీత, దాని కింద వేలాడే వంపులు. దీనికి సమర్కాన్ అని ఒక ఫాంటే ఉంది, విదేశాల్లో ఇండియన్ హోటళ్ల బోర్డుల మీద తెగ వాడతారు. సరే, వేషం వేసినప్పుడు శ్రద్ధగానైనా వేయాలి కదా! హిందీలో ఆ గీత మాట పొడుగునా కలిసి సాగుతుంది. ఇక్కడ లైట్ల బోర్డు కాబట్టి ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా కోసి బిగించారు. ‘ఆంధ్ర’లో ‘ఆర్’కీ ‘ఏ’కీ మధ్య వేలు దూరేంత సందు. రాత్రి లైటు వేస్తే ముందు కనపడేది ఆ సందే.

అయినా గోంగూర పెట్టే హోటల్‌కి అడ్డగీత ఎందుకు? మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, పైన ఉండేది తలకట్టు. ఓనర్నే అడిగాను. నెల్లూరు కుర్రాడు, మర్యాదస్తుడు. “తెల్లవాళ్లకి ఇలా ఉంటేనే ఇండియన్ అని తెలుస్తుంది బాబాయ్ గారూ” అన్నాడు. లోపల చూస్తే ఒక్క తెల్లవాడు లేడు, ఏ టేబుల్ దగ్గర విన్నా తెలుగే.

వీధి చివర చైనీస్ షాపుదీ ఇదే వరస. కుంచెతో గీసినట్టుండే ఆ విరుపుల ఇంగ్లీషు అక్షరాలు చైనా నుంచి వచ్చాయనుకుంటాం. అలాంటి అచ్చు అక్షరాలు 1883లోనే అమెరికాలో, క్లీవ్‌లాండ్ టైప్ ఫౌండ్రీ అనే అక్షరాలు పోతపోసే కంపెనీలో తయారయ్యాయి.

గుత్తి వంకాయ మాత్రం అద్భుతం. నువ్వులు, పల్లీల ముద్ద కాయ చీలికల్లోకి దిగి, తొడిమ దగ్గర కూడా మెత్తగా ఉడికింది. పప్పులో ఉప్పు తక్కువ, పెరుగు పులుపు. మెనూ కార్డు కూడా అదే ఫాంటులో, చిన్న సైజులో కొట్టించారు. గోంగూర మటన్ ఎక్కడుందో మా మనవడు చదివి చెప్పాడు.

ఎనామిల్ పెయింటు, రెండు బ్రష్‌లు ఇప్పిస్తే తెలుగు బోర్డు నేనే రాసిస్తానన్నాను, కూలి కింద గుత్తి వంకాయ చాలని కూడా చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. మీరు వెళ్తే ఆదివారం మధ్యాహ్నం మాత్రం వద్దు, టేబుల్ దొరకదు.