దసరా సెలవుల్లో థీమ్ పార్కు: ఆటలు బాగున్నాయి, వరుసలు బాగాలేవు

దసరా సెలవుల్లో ఒక శనివారం నేను, మా చెల్లెలు, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి, నాలుగో తరగతి పాప, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారు కలిసి హైదరాబాద్ శివార్లలోని ఒక పెద్ద థీమ్ పార్కుకు వెళ్ళివచ్చాము. పార్కు పేరు రాయడం లేదు. పేరు రాస్తే మాటలన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి; నేను చెప్పదలచుకున్నది వరుసల గురించి, వరుస తప్పి మధ్యలో దూరేవారి గురించి, వారి విషయంలో పార్కు చేయవలసిన పని గురించి. పిల్లలను తీసుకొని సెలవు రోజుల్లో ఇలాంటి చోటికి వెళ్ళబోయే తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

ముందుగా బాగున్నవి చెప్పాలి. ఆవరణ శుభ్రంగా ఉంది. మరుగుదొడ్లను రోజంతా కడుగుతూనే ఉన్నారు. తాగునీరు ఉచితంగా, చల్లగా దొరికింది. ఎత్తు కొలిచే కర్ర ప్రతి పెద్ద ఆట దగ్గరా ఉంది. ఒక తండ్రి ఎంత బతిమాలినా 140 సెంటీమీటర్లకు తక్కువ ఉన్న బాబును రోలర్ కోస్టర్ ఎక్కనివ్వలేదు. సీటు మీదికి వచ్చే కడ్డీని ఒక్కొక్కరి దగ్గరా చేత్తో లాగి చూసిన తరువాతే బండిని కదిలించారు. భద్రత విషయంలో అంత ఖచ్చితంగా ఉన్న సిబ్బంది వరుస విషయంలో మాత్రం తమకేమీ పట్టనట్లు ఉండడమే నాకు మింగుడుపడలేదు.

రోలర్ కోస్టర్ దగ్గర బోర్డు మీద 45 నిమిషాలు అని రాసి ఉంది. పాపకు ఎత్తు చాలదు కనుక అత్తయ్యగారు, పాప చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. మిగిలిన ముగ్గురం వరుసలో నిలబడ్డాము. పావుగంట గడిచిందో లేదో, మాకు ముందు ఒంటరిగా నిలబడిన ఒక యువకుడి దగ్గరికి ఎనిమిది మంది స్నేహితులు కడ్డీలు దూకి వచ్చి చేరారు. మా అబ్బాయి నా ముఖంలోకి చూశాడు. రోజూ ఇంట్లో, బడిలో వరుసలో నిలబడమని చెప్పేది మనమే కదా; ఆ చూపుకు సమాధానం చెప్పకుండా ఉండలేకపోయాను.

"బాబూ, వరుస చివర అక్కడుంది, మేమంతా ఎండలో నిలబడే ఉన్నాము" అన్నాను. "మావోడు గంట సంది నిలబడ్డడు ఆంటీ, మేం ఒక్కటే గ్రూపు, ఏమైతది?" అన్నాడు వచ్చినవారిలో ఒకడు. మిగిలినవారు నవ్వారు. వెనుక నిలబడిన ఒక పెద్దాయన "పోనీలేమ్మా, పండుగ పూట పంచాయితీ ఎందుకు" అన్నారు. గేటు దగ్గరికి చేరినప్పుడు అక్కడి ఉద్యోగికి చెబితే, "మీరు మీరే చూసుకోవాలె మేడమ్, మాది లోపల బండి వరకే" అని తల తిప్పుకొన్నాడు. ఆ తొమ్మిది మంది మా కళ్ళ ముందే ఎక్కి కూర్చున్నారు. ఆ విడతలో మాకు చోటు దొరకలేదు.

ఆ తరువాత నేను కోపం తగ్గించుకొని లెక్క చూశాను. మా చెల్లెలు లెక్కల మనిషి, ఈ లెక్కలో సగం ఆమెదే. బండిలో 24 సీట్లున్నాయి, నాలుగు నిమిషాలకు ఒక విడత చొప్పున గంటకు 15 విడతలు. అన్ని సీట్లూ నిండితే గంటకు 360 మంది ఎక్కాలి. అంటే బోర్డు మీద రాసిన 45 నిమిషాలకు మా ముందు 270 మంది ఉన్నారన్నమాట. మాకు పట్టింది 70 నిమిషాలు. మా అబ్బాయి గమనించిన ప్రకారం, జంటలు, కుటుంబాలు విడిపోవడానికి ఇష్టపడక ప్రతి విడతలోనూ దాదాపు నాలుగు సీట్లు ఖాళీగానే పోయాయి. అప్పుడు గంటకు ఎక్కేది 300 మందే. మా ముందు దూరినవారు అయిదు గుంపులు, సుమారు 40 మంది. ఎక్స్‌ప్రెస్ అనే ఎక్కువ ధర టికెట్‌తో పక్క దారిలో వచ్చినవారు మరో 40 మంది. మొత్తం 350 మంది. గంటకు 300 చొప్పున సరిగ్గా 70 నిమిషాలు.

ఈ లెక్క ప్రకారం వరుస తప్పినవారి వల్ల మేము పోగొట్టుకున్నది ఎనిమిది నిమిషాలు. తక్కిన ఆలస్యం ఖాళీ సీట్లది, ఎక్స్‌ప్రెస్ టికెట్లది. ఎనిమిది నిమిషాలకు ఇంత బాధ అవసరమా అని అడిగేవారు ఉంటారు. అవసరమే అంటాను. మొదటి గుంపు దూరినప్పుడు ఎవరూ ఆపకపోవడం చూసి రెండో గుంపు దూరింది. మూడో గుంపులో అప్పటి వరకు బుద్ధిగా మా వెనుక నిలబడిన ఇద్దరు కుర్రవాళ్ళు కూడా ఉన్నారు. రెండు వేల రూపాయల దాకా పెట్టి టికెట్ కొన్న ఒక తల్లి, బిడ్డ చేయి పట్టుకొని గంటసేపు నిలబడి, చివరికి బలమున్నవాడిదే ముందు వరుస అని ఆ బిడ్డకు చూపించవలసి రావడం నిమిషాలతో కొలిచే నష్టం కాదు.

ఎక్స్‌ప్రెస్ టికెట్ గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది వారిని కూడా దూరినవారిగానే భావించి గొడవ పడుతున్నారు. అది న్యాయం కాదు. ఆ టికెట్ ధర, దానితో వచ్చే సదుపాయం గేటు దగ్గరే రాసి ఉన్నాయి, కావాలనుకున్నవారు కొనుక్కున్నారు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం వరుస వేరుగా సాగుతున్నా సర్వదర్శనంలో కూర్చున్నవారు దాన్ని మోసమని అనరు, ఎందుకంటే ఆ సంగతి అందరికీ ముందే తెలుసు. అయితే ఈ పార్కులో ఎక్స్‌ప్రెస్ దారి మామూలు వరుసలోకే వచ్చి కలుస్తుంది, అక్కడ ఆ టికెట్‌కు గుర్తైన చేతి పట్టీ చూసే మనిషి లేడు. పట్టీ లేనివారు కూడా ఆ దారిలోనే దర్జాగా నడిచి వచ్చారు. తప్పు టికెట్‌ది కాదు, ఆ మలుపు దగ్గర మనిషిని నిలపని యాజమాన్యానిది.

మధ్యాహ్నం తరువాత ఇంకో ఆట దగ్గర చూసినది మాత్రం మనసుకు ఎంతో ఊరట కలిగించింది. గుండ్రంగా తిరుగుతూ పైకి లేచే ఆ ఆటను నడిపించే అమ్మాయికి ఇరవై రెండేళ్ళు మించి ఉండవు. ఆరుగురు యువకులు పక్క నుంచి వచ్చి గేటు ముందు నిలబడితే, ఆమె గేటు తెరవలేదు. గొంతు పెంచలేదు. "అన్నా, మీరు లైను చివరికి పోండి, మీరు పోయినంకనే గేటు తీస్త" అని చెప్పి, చేతులు కట్టుకొని నిలబడింది. ఒక నిమిషం గడిచింది. అప్పటి వరకు మౌనంగా ఉన్న వరుస మొత్తం "పోండి, పోండి" అని కదిలింది. ఆరుగురూ తిరిగి చివరికి నడిచారు. ఆ తరువాత మేము ఉన్నంతసేపు ఆ ఆట దగ్గర ఒక్కరూ దూరలేదు. ఫిర్యాదుల పుస్తకంలో ఆ అమ్మాయి గురించి మంచి మాటలు ఒక పేజీ నిండా రాశాను.

స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బృందం న్యూయార్క్‌లో 129 వరుసల్లోకి కావాలనే మనుషులను మధ్యలో దూర్చి ఏమి జరుగుతుందో గమనించి, ఆ ఫలితాలను 1986లో ప్రచురించింది. ఒక్కరే దూరినప్పుడు సుమారు సగం వరుసల్లోనే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇద్దరు దూరితే అభ్యంతరాలు బాగా పెరిగాయి. దూరినవాడికి సరిగ్గా వెనుక ఉన్నవారు పట్టించుకోనట్లు నిలబడితే మాత్రం ఆ వెనుకవారు కూడా చాలావరకు నోరు మెదపలేదు. పొద్దున్న మా వరుసలో జరిగింది అదే. "పోనీలేమ్మా" అన్న పెద్దాయన ఉద్దేశం మంచిదే, కానీ ఆ మాటతో వెనుక ఉన్న యాభై మందీ నిశ్శబ్దమైపోయారు.

ఆ రోజు అనుభవంతో నాకు తెలిసిన కొన్ని సంగతులు రాస్తున్నాను. మాట్లాడదలచుకుంటే వాళ్ళు కడ్డీ దాటుతున్నప్పుడే మాట్లాడాలి. ఒకసారి కుదురుకొని అయిదు నిమిషాలు నిలబడితే అది తమ స్థానమేనని వాళ్ళు కూడా నమ్మేస్తారు. దూరివచ్చినవారితో కంటే, వారి కోసం చోటు పట్టి నిలబడిన మనిషితో మాట్లాడడం మేలు. అతడు మనతోపాటు ఎండలో నిలబడ్డాడు, మన పిల్లలను చూశాడు, అతడికి మొహమాటం ఉంటుంది. సాయంత్రం పడవ ఆట దగ్గర నేను అలాగే చేశాను. "బాబూ, నువ్వు నిలబడ్డావు కనుక నువ్వు వెళ్ళు, అది న్యాయం, వీళ్ళ ఏడుగురి సంగతి వెనుకవాళ్ళను అడుగు" అన్నాను. అతడు వెనక్కి తిరిగి అన్ని ముఖాలనూ చూసి, స్నేహితులతో కలిసి తానే చివరికి వెళ్ళిపోయాడు. ఎవరినీ చేత్తో తాకకూడదు, తిట్టకూడదు; ఒక్క తిట్టు దొర్లితే సిబ్బంది దృష్టిలో ఇద్దరూ గొడవ చేసినవారే అవుతారు. ఆడపిల్లలను తోస్తూ, తాకుతూ ముందుకు వచ్చేవారి విషయంలో మాత్రం ఈ సర్దుబాట్లేవీ పనికిరావు. వెంటనే సెక్యూరిటీని పిలవాలి, వారు కదలకపోతే 112కు ఫోన్ చేయాలి. ఈ నగరంలో మహిళల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి.

చంటిబిడ్డను మరుగుదొడ్డికి తీసుకువెళ్ళి తిరిగివచ్చే తల్లికి దారి ఇవ్వడం వేరు, ఒకరిని నిలబెట్టి ఎనిమిది మంది తిరిగిరావడం వేరు. మా అత్తయ్యగారి విషయంలో నాకే ఈ ప్రశ్న ఎదురైంది. పడవ ఆట వరుసలో ఆమె అరగంట నిలబడలేరు. నేను వెనుక ఉన్న రెండు కుటుంబాలవారిని అడిగాను, గేటు దగ్గర ఉద్యోగికి చెప్పాను. అందరూ సరేనన్న తరువాతే ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, మా వంతు వచ్చినప్పుడు పిలిచాను. ఒక్కరు కాదన్నా ఆమె, నేను ఆ ఆట మానుకునేవాళ్ళమే. నిజానికి వృద్ధులకు ఇలాంటి ఏర్పాటు పార్కే చేయాలి, ఎవరినీ అడుక్కోవలసిన పని లేకుండా.

నీటి ఆటల వైపు వరుసల బాధ దాదాపు లేదు. కారణం మనుషుల మంచితనం కాదు, కట్టిన తీరు. జారుడు బల్లకు వెళ్ళే మెట్లు ఒక్క మనిషి వెడల్పే ఉన్నాయి, ప్రతివారి చేతిలోనూ పెద్ద రబ్బరు ట్యూబు ఉంటుంది. దాన్ని పట్టుకొని ఎవరూ ఎవరినీ దాటలేరు. రోలర్ కోస్టర్ దగ్గర కడ్డీలు నడుము ఎత్తు కూడా లేవు, మలుపుల దగ్గర ఖాళీలున్నాయి, మధ్యలో ఒక్క మనిషి కూడా లేడు. తిరుపతిలో సర్వదర్శనానికి సమయం రాసిన టోకెన్లు ఇస్తున్నారు. అమెరికాలో డిస్నీ పార్కులు 1999లోనే ఫాస్ట్‌పాస్ పేరుతో, చీటీ తీసుకొని దానిపై రాసిన వేళకు తిరిగివచ్చే పద్ధతి మొదలుపెట్టాయి. ఒంటరిగా ఎక్కడానికి సిద్ధపడేవారికి వేరే వరుస పెట్టి, ఖాళీ సీట్లను వారితో నింపే పద్ధతి కూడా విదేశీ పార్కుల్లో ఎప్పటి నుంచో ఉంది. ఈ పార్కు ఆ ఒక్కటి చేసినా గంటకు 60 సీట్లు వృథా కాకుండా ఉంటాయి, మా చెల్లెలి లెక్క ప్రకారం.

అన్నిటికంటే అధ్వానమైనది లాకర్ల దగ్గర. మూసే వేళకు అందరూ ఒకేసారి తాళం అప్పగించి డిపాజిట్ తీసుకోవడానికి వస్తారు. అక్కడ వరుసే లేదు, రెండు కిటికీల ముందు ఒక గుంపు ఉంది. చేతులు చాచగలిగినవారికి ముందు అందింది. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకొని నలభై నిమిషాలు నిలబడ్డాను. మీరు వెళితే మూసే వేళకు గంట ముందే లాకరు ఖాళీ చేసుకోండి.

బయటికి వచ్చే ముందు కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. డబ్బు తీసుకొని ఇచ్చే సేవలో లోపం ఉంటే అడిగే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇచ్చింది. పార్కు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నాకు ఆ అవసరం రాలేదు. నాలుగో రోజున మేనేజరు ఫోన్ చేసి నేను చెప్పినదంతా ఓపికగా విన్నారు, సెలవు రోజుల్లో పెద్ద ఆటల వరుసల మధ్యలో ఒక మనిషిని పెడతామన్నారు. ఆటలకు అయిదుకు నాలుగు మార్కులు, శుభ్రతకు అయిదు, వరుసల నిర్వహణకు ఒకటే ఇస్తున్నాను. ఆ ఒకటి గేటు తెరవని ఆ అమ్మాయిది.

నవంబరులో మా చెల్లెలు తన ఆఫీసువారితో ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళింది. రోలర్ కోస్టర్ వరుసలో మలుపు దగ్గర ఈల పట్టుకొని ఒక మనిషి నిలబడ్డాడట, చేతి పట్టీలు కూడా చూస్తున్నాడట. లాకర్ల దగ్గర మాత్రం వరుస కోసం తాళ్ళు ఇంకా కట్టలేదని చెప్పింది.