హెడ్‌లైట్‌లో తేమ: బ్యూటైల్ నిలిచింది, సిలికాన్ ఊడింది

కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో వానలు మొదలయ్యాయంటే కార్ల హెడ్‌లైట్లు లోపల చెమర్చడం మామూలే. దీనికి జనం చేసేవి ముఖ్యంగా నాలుగు పనులు: వెనక బల్బును కప్పే రబ్బరు బూటు, గాలిగొట్టాలు మార్చడం, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టడం, అంచుకు సిలికాన్ పూయడం, లెన్స్ (ముందున్న పారదర్శకమైన ప్లాస్టిక్) విప్పి బ్యూటైల్ అనే నల్లటి రబ్బరు జిగురుతో మళ్లీ సీలు వేయడం. హెచ్4 హాలోజన్ బల్బులున్న హ్యాచ్‌బ్యాక్ మీద ఇవన్నీ కొన్ని వానాకాలాలు చూశాక ఏది నిలిచిందో, ఏది ఎందుకు ఊడిందో రాస్తున్నాను. చాలా హెడ్‌లైట్లకు లెన్స్ విప్పే అవసరమే రాదన్నది ముందుగా చెప్పాల్సిన మాట.

ఏ పనైనా మొదలుపెట్టేముందు లోపల ఎన్ని నీళ్లున్నాయో చూడాలి. హెడ్‌లైట్‌ను గాలి చొరకుండా చేయరు. బల్బు వెలిగితే లోపలి గాలి వేడెక్కి గాలిగొట్టాల గుండా బయటికి పోతుంది. ఆర్పగానే చల్లబడి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. దాంతోపాటు వచ్చిన తేమ తెల్లవారుజామున చల్లటి లెన్స్ మీద సన్నని నీటి బిందువులుగా పడుతుంది. ఇదెంత ఉంటుందో లెక్కకట్టవచ్చు. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన ఘనమీటరు గాలిలో నీరు సుమారు 30 గ్రాములు. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములే నిలుస్తుంది. హెడ్‌లైట్ లోపలి ఖాళీ 10 లీటర్లు అనుకుంటే లెన్స్ మీద చేరేది 0.13 గ్రాము, అంటే రెండు మూడు చుక్కలు. పలుచగా పట్టి, లో బీమ్ వేశాక అరగంటకో గంటకో పోయే తేమ ఇదే. దానికి మరమ్మతు అక్కర్లేదు. అడుగున నీళ్లు నిలిచినా, లెన్స్ మీద ధారలు కట్టినా, మూలలో చెంచాడు నీళ్లు కదులుతున్నా మాత్రం అది గాలి తెచ్చిన తేమ కాదు. ఎక్కడి నుంచో నీళ్లే దూరుతున్నాయి.

ఎల్ఈడీ హెడ్‌లైట్లలో పలుచని తేమ ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఎల్ఈడీ వేడి వెనకున్న హీట్‌సింక్‌లోకి (వేడిని లాగే లోహపు భాగంలోకి) పోతుంది, హాలోజన్ వేడిలా లెన్స్‌కు తగలదు.

నీళ్లు దూరే చోట్లలో మొదట అనుమానించాల్సింది రబ్బరు బూటును. హాలోజన్ వేడికి ఏళ్ల తరబడి మాగి గట్టిపడుతుంది, కప్లర్ (బల్బుకు తగిలించే వైర్ల ప్లగ్గు) చుట్టూ పట్టుకోవాల్సిన అంచు వదులవుతుంది. బల్బు మార్చినప్పుడు వంకరగా ఎక్కించినా అంతే. చాలా బూట్ల మీద ‘టాప్’ అని అచ్చు ఉంటుంది, అది పైకి రావాలి. ఫ్యాన్ ఉన్న ఎల్ఈడీ బల్బు పట్టడం కోసం బూటును కత్తిరించి వదిలేసిన కార్లు చాలా ఉన్నాయి. అలాంటి కారులో లెన్స్‌కు ఎంత మంచి సీలు వేసినా డబ్బు దండగే.

గాలిగొట్టాలు ఎక్కువగా ‘ఎల్’ ఆకారంలో వంగిన చిన్న రబ్బరు ముక్కలు. వాటి నోరు కిందికి ఉండాలి. కొన్ని మోడళ్లలో వాటి బదులు, గాలిని వదిలి నీళ్లను ఆపే పొరను స్టిక్కర్‌లా అంటిస్తారు. గొట్టంలో సాలెగూడో కందిరీగ కట్టిన మట్టిగూడో చేరితే లోపలి తేమ బయటికి పోదు. తేమ రాకూడదని వీటిని టేపుతో మూసేవాళ్లున్నారు. అన్నింటిలోకీ చెడ్డ పని ఇదే. చల్లబడేటప్పుడు పీల్చాల్సిన గాలికి దారి లేక, సీలులో ఎక్కడ సన్నని చీలిక ఉంటే అక్కడి వాననీటిని హెడ్‌లైట్ లోపలికి లాగుతుంది. బూటు కొత్తది వేసి గొట్టాలు శుభ్రం చేయడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం దీనివల్లే వచ్చింది.

సిలికా జెల్ తన బరువులో దాదాపు మూడో వంతు నీరు పీలుస్తుంది. 5 గ్రాముల పొట్లానికి ఒకటిన్నర గ్రాము. హెడ్‌లైట్ రోజూ కొత్త గాలి పీలుస్తుంటే వానాకాలంలో అది త్వరగా నిండిపోతుంది, బల్బు వేడికి కొంత తిరిగి వదిలేస్తుంది కూడా. ఆరబెట్టాక మిగిలిన కొసరు తేమకు ఒకటి రెండు రోజులు పెట్టి తీసేయడం వరకే దాని ఉపయోగం.

షెడ్లలో ఎక్కువగా చేసేది అంచు వెంట బాత్రూమ్ సిలికాన్ పూయడం. మొదటి వానలకు ఆగుతుంది, ఆ తర్వాత లేస్తుంది. హెడ్‌లైట్ వెనక భాగం సాధారణంగా పాలీప్రొపిలీన్, ఆ ప్లాస్టిక్‌ను సిలికాన్ సరిగా పట్టుకోదు. లెన్స్ వైపు గట్టిగా కనిపించే పూత వెనక వైపు గోటితో గీరితే వచ్చేస్తుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ మీది అల్యూమినియం పూతకూ బల్బు కాంటాక్టులకూ అది చేటు. సిలికాన్ తగిలిన చోట తరువాత బ్యూటైల్ కూడా అంటదు, అంతా గీకాల్సిందే. ఈ పని చేయమని ఎవరికీ చెప్పను.

ఇక బ్యూటైల్. కారు వారంటీలో ఉంటే దీని జోలికి వెళ్లొద్దు. నీళ్లు కనిపిస్తున్నప్పుడే వీడియో తీసి సర్వీస్ సెంటర్‌లో చూపించాలి. వారంటీ అయిపోయినా లీకు ఎక్కడో తెలియకుండా విప్పకూడదు. హెడ్‌లైట్ తీసి, ఒక్క గాలిగొట్టం వదిలి మిగతా రంధ్రాలన్నీ టేపుతో మూసి, అంచులకు సబ్బునీళ్లు రాసి, ఆ గొట్టంలో నోటితో మెల్లగా ఊదితే లీకున్న చోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ పెడితే మంచి సీలు కూడా విడిపోతుంది. బుడగలు బోల్టు చెవి దగ్గరి పగులు నుంచి వస్తే అది ప్లాస్టిక్ వెల్డింగ్ పని, బ్యూటైల్‌ది కాదు.

బల్బులు, స్క్రూలు, క్లిప్పులు తీశాక హీట్ గన్‌ను తక్కువ వేడి మీద, 15 సెంటీమీటర్ల దూరంలో, ఒకచోట ఆపకుండా అంచు చుట్టూ తిప్పాలి. ఇళ్లలో ఉండే ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) పెట్టి వేడిచేద్దామంటే కారు హెడ్‌లైట్ సాధారణంగా అందులో పట్టదు. 90–100 డిగ్రీలకు బ్యూటైల్ మెత్తబడుతుంది. పాలీకార్బొనేట్ లెన్స్ 147 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి తొందరపడి వేడి పెంచితే లెన్స్ వంగుతుంది. ప్లాస్టిక్ లివర్‌తో ఒక మూల లేపితే నల్లటి జిగురు తీగలా సాగాలి. బాగా వేడెక్కినా సాగకుండా బిగుసుకుని ఉంటే అది పాలీయురేతేన్ సీలు కావచ్చు. అది వేడికి లొంగదు, బలవంతం చేస్తే లెన్స్ పగులుతుంది. అక్కడితో ఆపి కొత్త హెడ్‌లైట్ ధర కనుక్కోవడమే మేలు.

గాడిలోని పాత బ్యూటైల్ వేడి మీదే మొత్తం తీయాలి. దుమ్ము పట్టిన పాతదాని మీద కొత్తది వేస్తే లీకు మళ్లీ అక్కడే వస్తుంది. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ తగిలితే పాలీకార్బొనేట్ నెర్రెలు విచ్చుతుంది. ఒక్కో లైటుకు సుమారు రెండు మీటర్ల బ్యూటైల్ తాడు పడుతుంది. వెడల్పు గాడికి 9–10 మిల్లీమీటర్ల మందం, సన్నదానికి 6–7. సాగదీస్తూ పరిస్తే మధ్యలో పలచబడి లీకవుతుంది. చివరలు 2 సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి రావాలి, ఆ అతుకు వాన పడే పైఅంచున కాకుండా పక్కకు ఉండాలి. లెన్స్ కూర్చోబెట్టాక మళ్లీ వేడిచేసి, చుట్టూ క్లాంపులు సమానంగా బిగించి, పూర్తిగా చల్లారాక మళ్లీ సబ్బునీళ్ల పరీక్ష చేయాలి. మూసేముందు రిఫ్లెక్టర్ మీద దుమ్ము కనిపించినా గుడ్డ పెట్టొద్దు, గీతలు పడతాయి. చేత్తో నొక్కే రబ్బరు బుడ్డితో గాలి ఊదితే చాలు.

ఎక్కువకాలం వాడాక బ్యూటైల్‌లో కనిపించిన లోపం ఒక్కటే: గాడిలో ఎక్కువైన చోట మే ఎండలకు జిగురు కొద్దిగా పైకి ఉబికింది. చూడటానికి బాగోదు కానీ సీలుకు నష్టం లేదు. గట్టిపడలేదు, ఊడలేదు. అయితే వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా అంచు మీద కొట్టనివ్వకూడదు.

హెడ్‌లైట్ తిరిగి బిగించాక బీమ్ సరిచూడటం చాలామంది వదిలేస్తారు. ఎదుటివాళ్ల కళ్లకు సంబంధించిన విషయం ఇది. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగా ఉంచి, లెవెలర్ (లైటు ఎత్తు మార్చే స్విచ్) సున్నాలో పెట్టి, గోడకు 10 మీటర్ల దూరంలో కారు ఆపాలి. గోడ మీద లో బీమ్ వెలుగు ఆగే పైగీత హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తుకంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందికి పడాలి. తేడా ఉంటే హెడ్‌లైట్ వెనకున్న అడ్జస్టింగ్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేయాలి.